కాజా మీద పడ్డ నింద

కారు నడపడం కొత్తగా వచ్చిన రోజుల్లో మనిషికి కాస్త పొగరు ఉంటుంది. వీధి చివర పాల ప్యాకెట్‌కి కూడా కారేసుకుని వెళ్ళాలనిపిస్తుంది. నాకు ఆ పొగరు మరీ ఎక్కువ. రాజమండ్రిలో ఉద్యోగం వచ్చింది కదా అని నిడదవోలు నుంచి రోజూ నాన్న పాత కారులో వెళ్ళొచ్చేదాన్ని. "రైలుంది కదే" అని అమ్మ మొత్తుకున్నా వినేదాన్ని కాదు. తీరా కొవ్వూరు దాటేసరికి కారు కుతకుత ఉడికిపోయేది. ఒక పొద్దున్న సరిగ్గా గోదావరి బ్రిడ్జి మీద ఆగిపోయి, వెనకున్న బస్సుల్లో వాళ్ళందరి చేతా తిట్లు తినిపించింది. నాన్న తీర్పు చెప్పేశారు: "ఇంకొక్కసారి వేడెక్కిందంటే తాళాలు నా జేబులో, నువ్వు రైల్లో. అంతే!"

ఇంజన్ని చల్లబరిచే కూలెంటు తగ్గిపోతోందని మాకు తెలుసు. పొద్దున్న నింపితే సాయంత్రానికి డబ్బాలో సగం ఉండేది కాదు. ఎక్కడికి పోతోందో మాత్రం అంతుపట్టలేదు. నాన్న లుంగీ ఎగగట్టి కారు కిందకి దూరారు, పాత పేపర్లు పరిచారు, టార్చి వేసి గొట్టాలన్నీ తడిమారు. కింద చుక్క లేదు. పక్కింటి బాబాయిగారు (వరసకే బాబాయి, వీధిలో కార్లన్నిటికీ పిలవని డాక్టరు) బానెట్లోకి తొంగి చూసి, "ఇంజనే తాగేస్తోందండి అన్నయ్యగారూ. వయసు మీదపడింది కదండీ, దాహం ఉంటుంది మరి" అని తేల్చేశారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

సరిగ్గా అప్పుడే తణుకు నుంచి మా పెద్దత్త, అంటే నాన్న వాళ్ళక్క, కాజాల పెట్టెతో దిగింది. (మా వైపు చుట్టాలింటికి వట్టి చేతులతో వెళ్తే ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు.) స్టేషన్ నుంచి నేనే తీసుకొచ్చాను. నా పక్కన రోజూ ఖాళీగా ఉండే ముందు సీట్లో కూర్చుని పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుంది. మర్నాడు చూస్తే అక్కడ మ్యాటు తడిగా, జిగటగా ఉంది. పైగా తియ్యటి వాసన. నల్లటి మ్యాటు మీద రంగేం తెలుస్తుంది? నాన్న ఒక్క క్షణం ఆలోచించలేదు. "కాజా పాకం!" అన్నారు.

"ఏంట్రా తమ్ముడూ, నా కాజాలు ఒలికాయా? పాకం బొట్టు బయటికి రాకుండా చూసి మరీ కట్టించాను!" అంది అత్త. మ్యాటు కడిగి ఎండేశాం. నేను ఆఫీసుకెళ్ళి వచ్చేసరికి మళ్ళీ తడి. అప్పటికైనా నాన్న ఊరుకోవాలా? "సీటు కింద ఇంకిపోయి ఉంటుందక్కా. ఊరుతోంది మరి" అన్నారు. ఆ మాటతో అత్త సంచీ సర్దేసుకుంది. అమ్మ గుమ్మానికి అడ్డం పడింది.

"సరే అయితే, అది నా కాజా పాకమైతే చీమలు పట్టవా? రానీ, చూద్దాం!" అని అత్త ఆ మ్యాటును అరుగు మీద పరిచి, పక్కనే ఒక కాజా పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చుంది. మేమంతా చుట్టూ చేరాం. కాఫీలయ్యేలోపు చీమలు బారులు తీరి వచ్చి కాజా మీద పడ్డాయి. మ్యాటు వైపు ఒక్కటి కూడా తొంగి చూడలేదు. "చూడరా! చీమలకున్నపాటి జ్ఞానం లేకపోయింది నీకు!" అని అత్త గెలుపు చాటింది.

బాబాయిగారికి మాత్రం అనుమానం తీరలేదు. "రుచి చూస్తే పోలా" అంటూ మ్యాటు మీద వేలు రాసి నోటి దాకా తెచ్చారు. ఆ వేలు ఆకుపచ్చగా నిగనిగలాడింది. రోజూ పొద్దున్నే నేను డబ్బాలో పోసే రంగే అది!

"బాబాయ్, ఆగండి! అది కూలెంటు, విషం!" అని అరిచి చెయ్యి లాగేశాను. ఆయన ఆ వేలిని సబ్బుతో ఎంతసేపు కడిగారో చెప్పలేను.

మెకానిక్ వచ్చి డ్యాష్‌బోర్డు ఊడదీస్తే లోపల హీటరు చిల్లిపడి ఉంది. ఇంజన్లోంచి దాంట్లోకి వెళ్ళే వేడి కూలెంటంతా కారు లోపలికే కారుతోంది. నాన్న నోరెళ్ళబెట్టారు. "మన కారుకి హీటరుందా?" మే నెల గోదావరి జిల్లాలో ఆ మాట విని మెకానిక్ కూడా పకపకా నవ్వాడు. ఇన్నేళ్ళలో ఎవ్వరూ మీట ముట్టుకోని వస్తువు మా ఇంట్లో ఇంత పని చేసింది. అతను హీటరుని తప్పించి, దానికి వెళ్ళే గొట్టాలు రెండూ ఒకదానికొకటి కలిపేశాడు. కారు చల్లబడింది.

నాన్న తాళాలు నా చేతిలో పెట్టబోతుంటే మధ్యలో అత్త లాగేసుకుంది. "నింద మోసింది నేను. నేనున్నన్నాళ్ళూ ఇవి నా దగ్గరే!" అని బొడ్లో దోపుకుంది. (ఆవిడకి కారు తలుపు తియ్యడం కూడా సరిగా రాదు.) నాన్న ఖాళీ చెయ్యి లుంగీకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ వేసవంతా నేను పొద్దున్నే ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడడం, "ఎక్కడికే? ఆగు, నేనూ వస్తా" అని ఆవిడ పట్టుచీర కట్టుకుని ముందు సీటెక్కడం. నన్ను ఆఫీసులో దింపడానికి ఆవిడ వచ్చేది, నడిపేది నేను! సాయంత్రం దాకా ఊళ్ళో గుళ్ళు తిరిగి మళ్ళీ నాతోనే ఇంటికొచ్చేది. ఎంత ఉడుక్కునేదాన్నో.

ఇప్పుడు నా కారుంది, తాళాలు నా బ్యాగులోనే ఉంటాయి. ఎవరినీ అడగక్కర్లేదు. అయినా ఒక్కోరోజు స్టార్ట్ చేశాక కాసేపు అలాగే కూర్చుంటాను. "ఎక్కడికే?" అని ఎవరైనా అడిగితే బాగుండును.