మేక మీద నిలవని నీళ్ళు

నిన్న తమిళనాడులో మా ధర్మపురి బజారులో బూట్లు కొంటుంటే షాపాయన ఒక స్ప్రే డబ్బా చేతికిచ్చినాడు. కొడితే నీళ్ళు అంటవంట. షూస్, గొడుగు, బ్యాగు, దేనికైనా కొట్టుకోవచ్చు సార్ అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. దేనికైనా కొట్టి చూసినవాణ్ణి నేనే కదా. ఒకసారి మేకకు కొట్టి, ఊరంతటినీ అమ్మవారి ముందర వణికించినాను.

టీ చల్లారిపోతుంది, తాగుతా వినండి.

అప్పుడు బటన్ల సెల్‌ఫోన్లు కొత్త. నేను మా ఊరు మారండహళ్ళి నుంచి రోజూ బస్సులో హోసూరు ఫ్యాక్టరీకి పోయి వచ్చేవాణ్ణి. మెషీన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు ఒకాయన తిరిగిపోతా, తన బూట్లకు కొట్టుకునే స్ప్రే డబ్బా నాకిచ్చి పోయినాడు. అట్లాంటిది నేను అంతవరకు చూసింది లేదు. ఇంటికి తెచ్చి గొడుగుకు కొట్టి, పైన నీళ్ళు పోస్తే చేమాకు మీద జారినట్లు జారిపోయినాయి. ఇంక నా చెయ్యి ఆగుతుందా? మోపెడ్ సీటుకు కొట్టినాను. టిఫిన్ సంచికి కొట్టినాను. చేనికాడ మోటారు స్టార్టర్ మీద కప్పే గోనెపట్టకు కొట్టినాను. అంతవరకు బాగానే ఉండింది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత అవ్వ నీళ్ళకుండ మీద నా కన్ను పడింది. అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె మట్టికుండ చెమర్చి కింద నేలంతా తడి అవుతుందని, దాన్ని ఖాళీ చేసి, ఎండబెట్టి, బయటంతా దట్టంగా కొట్టేసినాను. చెమర్చడం ఆగింది. చల్లదనమూ ఆగింది. మధ్యాహ్నం చేని నుంచి వచ్చిన అవ్వ ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టి, కుండ మీద నీళ్ళు చిలకరించి చూసింది. బొట్లు బొట్లుగా ఉరికినాయి.

"కుండకు ఊపిరాడకుండా చేసినావు కదరా, చదువుకున్నోడా" అన్నది. అంతే, తిట్టి వదిలేసింది. కానీ ఆ బొట్లు ఉరికిన తీరు మాత్రం ఆమె మరిచిపోలేదు.

మా నాయనకూ చిన్నాయనకూ మాటల్లేని కాలం అది. బోరులో నీళ్ళు పడితే మారెమ్మకు మేకను ఇస్తానని అవ్వ మొక్కుకుంది. నీళ్ళు పడినాయి. పడిన నీళ్ళ దగ్గరే అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. మోటారుకు కరెంటు పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు వచ్చేది. రాత్రి నిద్ర చెడగొట్టుకుని చేనిలో మడి కట్టి నీళ్ళు పారించేది ఎవరు? పగటి వంతు నాదంటే నాదని మాట పెరిగి, ఇంటి నడుమ గోడ లేచింది. ఎదురెదురుగా నిలబడి కూడా, అమ్మా, మోటారు ఆపమను అని ఒకరు, అమ్మా, ఆపేది లేదని చెప్పు అని ఇంకొకరు. కొడుకులిద్దరూ కలిసి వస్తేనే మొక్కు తీర్చేదని అవ్వ ఏళ్ళు జరిపింది. కడకు, ఇంక నేనెన్నాళ్ళుంటానో, అమ్మవారి బాకీ పెట్టుకుని పోలేను అని ఆ సంవత్సరం మొక్కు మేకను తెచ్చి కట్టేసింది.

ఆడి నెల, అంటే ఆషాఢంలో వచ్చే మారెమ్మ పండగ దగ్గరపడేసరికి ముసురు పట్టింది. మేక తుమ్మడం మొదలుపెట్టింది. జబ్బు మేకను అమ్మవారికి ఇవ్వకూడదు. దాని మీద గోనెసంచి కప్పమని అవ్వ నాకు చెప్పింది. ఇంట్లో అంత గొప్ప వస్తువు పెట్టుకుని గోనెసంచి ఏంది? చెవులు పాపం అని ఒక చేత్తో మూసిపట్టి, తల నుంచి తోక దాకా, డబ్బాలో మిగిలినదాంట్లో సగం కొట్టేసినాను. తెల్లారి వానలో మేక నిగనిగలాడతా నిలబడింది. తుమ్ములూ తగ్గినాయి. నా తెలివికి నేనే మురిసిపోయి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

మన పద్ధతి మీకు తెలిసిందే. మేక తల మీద, వీపు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్లు. విదిలించకపోతే కత్తి ఎత్తేది లేదు.

పండగ రోజు గుడి పూసారి ఒక సొంబు, అంటే చెంబెడు, పసుపునీళ్ళు పోసినాడు. జర్రున జారి నేల మీద పడినాయి. మేక నెమరేస్తా ఉండింది. ఇంకో సొంబు పోసినాడు. మేక మెడ సాచి పూసారి దండలో వేపాకు కొరికింది. మేళం వాయించేవాళ్ళు చేతులు ఆపేసినారు. చుట్టాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. అమ్మవారి మేకకు బూట్ల మందు కొట్టినానని ఏ మొహం పెట్టుకుని చెప్పేది? అవ్వ వైపు చూసినాను. ఆమె మేక వీపు మీద ఉరికే బొట్లనే చూస్తా ఉండింది. తర్వాత నా మొహం చూసింది. కుండ దగ్గర చూసిన చూపే. ఈరోజు మేక బతికి నేను పోతాను అనుకున్నాను.

అవ్వ నిదానంగా పూసారి దగ్గరికి పోయి, ఇంట్లోవాళ్ళ మనసులో కసి ఉంటే తల్లి ఒప్పుకోదు కదా సామీ, అడుగు అన్నది. పూసారి అడిగినాడు. ఊరంతా మా నాయన వైపు, చిన్నాయన వైపు తిరిగింది.

మేక వేపాకు నములుతానే ఉంది. చిన్నాయన అలవాటుగా అవ్వ వైపు తిరిగి, "అమ్మా, అన్నకు చెప్పు..." అని ఆగిపోయినాడు. ఈసారి నేరుగా మా నాయన వైపు తిరిగినాడు. "అన్నా, పగలు నువ్వే పెట్టుకో. రాత్రి నేను చూసుకుంటా."

నాయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీ నడుము నొప్పికి రాత్రి మడి ఎట్లా కడతావురా" అన్నాడు.

మాటల్లేని అన్నకు తమ్ముడి నడుము నొప్పి ఎట్లా తెలుసో మరి. నాకు ఏడుపు వచ్చేసింది. అవ్వ ఏడవలేదు. ఆమెకు ఇంకా పని ఉంది. సొంబు తెచ్చి కొడుకులిద్దరి చేతులూ దానికి పట్టించింది.

"ఇద్దరూ కలిసి పోయండి" అన్నది. "వీపు మీద కాదు, చెవి పక్కన."

చెవిలో నీళ్ళు పడంగానే మేక విదిలించింది చూడండి, దగ్గరున్నోళ్ళందరి మీదా పసుపు చిమ్మింది. మేళం మోగింది. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తా కులవ పెట్టినారు.

ఆ మధ్యాహ్నం నాయన ఆకు పక్కనే చిన్నాయన ఆకు వేసి, అవ్వ తన చేత్తో వడ్డించింది. ఇప్పుడు అవ్వ లేదు, ఆ కుండా లేదు. ఫ్రిజ్ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా, ఆమె కుండనీళ్ళ మట్టివాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ రోజు భోజనాలయినాక చెయ్యి కడుక్కునే చోట అవ్వను పట్టుకుని, తప్పయిపోయింది, అందరికీ చెప్పేదా అని అడిగినాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నోరు మూసుకో. డబ్బాలో ఇంకా మిగిలుందా? మొరప్పూరులో మీ అత్తకూ ఆమె తోడికోడలికీ మాటల్లేవు. వాళ్ళకూ ఒక మేక మొక్కుంది."

ఇంకెక్కడి డబ్బా? మిగిలిన సగమూ పండగకు కొన్న నా కొత్త షర్టుకు ముందురోజే కొట్టేసినాను. నాయన చొక్కా మీద పసుపు, చిన్నాయన చొక్కా మీద పసుపు, పూసారి పంచె మీద కూడా పసుపు. మేక పక్కనే నిలబడిన నా షర్టు మాత్రం ఇస్త్రీ పెట్టె కింద నుంచి అప్పుడే తీసినట్లుంది. ఊరందరికీ అంటిన అమ్మవారి పసుపు, నా ఒక్కడి మీద నుంచి జారిపోయింది.