తూము తలుపు కోసం వెలగపూడి దాకా

మా ఊరి మురుగు కాలువ ఉప్పుటేరులో కలిసే చోట ఒక తూము ఉంది. దానికి తలుపు బాగానే ఉందని ప్రభుత్వం అంటోంది, లేదని మేమంటున్నాం. ఈ తగాదా తేల్చుకోవడానికి నరసాపురం నుంచి వెలగపూడిలోని అసెంబ్లీ దాకా వెళ్ళి వచ్చాం. మీ ఊళ్ళో కూడా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది కనుక, రేపు మీరు బయల్దేరినా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు తలుపు సంగతి. సముద్రం పోటు మీదున్నప్పుడు తలుపు మూసుకోవాలి, ఆటు వేళ తెరుచుకుని మురుగు బయటికి పోవాలి. మా తలుపు పై సగం రంగు వేసుకుని నిగనిగలాడుతూ ఉంటుంది. కింది సగాన్ని తుప్పు తినేసింది. అది ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి పైనుంచి చూసేవాళ్ళకు కనబడదు. పోటు వచ్చిందంటే ఉప్పునీళ్ళు ఆ కంతలోంచి బుసకొడుతూ చేల మీదికి వస్తాయి. ఈ దాళ్వాకి, అంటే రెండో పంటకి, సత్తిబాబు వేసిన ఊడుపు పది రోజులు తిరక్కుండా ఎర్రబడి మాడిపోయింది.

సత్తిబాబు మా పక్కింటి కౌలు రైతు. పొలం గల కామందు భీమవరంలో ఉంటాడు, నేనంటే ఆయనకి కాస్త గురి. వానాకాలం సార్వా లోపల తలుపు పడకపోతే పొలాన్ని రొయ్యల చెరువుకి ఇచ్చేస్తానని ఆయన కబురు పెట్టాడు. అదే జరిగితే సత్తిబాబుకి దున్నుకోవడానికి సెంటు భూమి మిగలదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే తలుపు మార్చడానికి వీలవుతుంది. అందుకే బడ్జెట్ సమావేశాల్లో మా ఎమ్మెల్యే గారు ప్రశ్న వేశారు, అది ఫలానా రోజు వస్తుందని తెలిసింది. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ప్రశ్నోత్తరాల సమయం అన్న పాఠం ఏటా చెబుతూనే ఉన్నాను కానీ ఏనాడూ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. సెలవు పెట్టి సత్తిబాబుతో బయల్దేరాను.

మాతో వచ్చిన మూడో మనిషి నీటి సంఘం అధ్యక్షుడు పెద్దిరాజు గారు. ఎముక లేని చెయ్యి, మర్యాదకి పెట్టింది పేరు. ఆ మర్యాదే మా కొంప ముంచుతుందని నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

మధ్యాహ్నం నరసాపురంలో ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన కూర్చోండి, భీమవరం దాటాక ఎండ రెండో వైపుకి తిరుగుతుంది. పెద్దిరాజు గారి ఒళ్ళో ఒక కవరు ఉంది. ఏమిటని అడిగితే శాలువా అన్నారు.

"ఇంకా పని కాలేదు కదండీ రాజు గారూ, శాలువా ఎందుకు?" అన్నాను.

"పని కోసం కాదండీ. వెళ్ళేది పెద్దమనిషి దగ్గరికి. చేతులూపుకుంటూ వెళ్తే ఊరికి పరువేముంటుంది?"

ఎదురు సీట్లో లేసు అల్లికల మూటతో ఒకావిడ కూర్చుని ఉంది. విజయవాడ ఎగ్జిబిషన్‌కి వెళుతోందట. మా మాటలు విని, "అక్కడ అడిగితే చేస్తారాండీ?" అంది. చేస్తారో లేదో తరవాత, జవాబైతే చెప్పి తీరాలి, అదే రూలు అని పాఠం మొదలుపెట్టాను. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "జవాబంటే మా ఆయన కూడా చెప్తాడండీ" అని మూట సర్దుకుంది.

ఆకివీడు వచ్చేసరికి చెరువులు మొదలయ్యాయి. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళను చిలికే ఏరేటర్లు, గట్ల మీద కాపలా గుడిసెలు. ఒకప్పుడు ఇదంతా వరి చేలే. సత్తిబాబు గుడివాడ దాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడే వేళకి విజయవాడలో దిగి, స్టేషన్ దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. గదులు పరవాలేదు, దోమలకు మాత్రం మొహమాటం లేదు.

పొద్దున్న ఏడింటికల్లా ఎమ్మెల్యే గారు దిగిన ఫ్లాటుకి వెళ్ళాం. మనిషి మంచివాడే, లేచి ఎదురొచ్చి కాఫీ ఇప్పించారు. ఆయన పీఏ అచ్చయిన జవాబు కాగితం నా చేతిలో పెట్టాడు. అసలు ప్రశ్నకి జవాబు ముందే అచ్చయి వస్తుంది, సభలో నోటితో అడిగేది దాని మీద అనుబంధ ప్రశ్న. కాగితంలో ఇలా ఉంది. తూము తలుపు పాడైన మాట వాస్తవమేనా? లేదండి. అయితే ఎప్పటిలోగా బాగుచేస్తారు? ప్రశ్న ఉత్పన్నం కాదు.

నాకు ఒళ్ళు మండింది. మాడిపోయిన చేను ఉత్పన్నమైంది, ప్రశ్న మాత్రం ఉత్పన్నం కాలేదట. అయినా ఆ 'లేదండి' ఎక్కణ్ణించి వచ్చిందో మాకు తెలుసు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఇంజినీరు గారు తనిఖీకి వచ్చారు. పాపం సరిగ్గా పోటు వేళకే వచ్చారు. తిన్నగా తూము దగ్గరికి తీసుకెళితే సరిపోయేది. పెద్దిరాజు గారు వెళ్ళనిస్తేగా. "మా ఊరొచ్చి ఎంగిలి పడకుండా ఎండలోకి వెళ్తారాండీ?" అని పట్టుకుపోయి ఆకు వేయించారు. చందువా వేపుడు, రొయ్యల ఇగురు, గోంగూర, పెరుగు, పైన కిళ్ళీ. ఇంజినీరు గారు ఆకు ముందు నుంచి లేచేసరికి ఆటు మొదలైంది. తూములోంచి నీళ్ళు బుద్ధిగా బయటికి పోతున్నాయి. తలుపు బాగానే పనిచేస్తోందని ఆయన రాసుకున్నారు. చూసింది చూసినట్టే రాశారు కనుక ఆయన్నీ ఏమీ అనలేం.

"సార్, మీరు ఒక్క మాట అడిగితే చాలండి" అన్నాను ఎమ్మెల్యే గారితో. "పోటు వేళ ఒక అధికారిని పంపి తలుపు తనిఖీ చేయిస్తారా, లేదా? అంతే. జలవనరుల మంత్రి గారు సభలో 'పంపిస్తాం' అంటే అది హామీ కింద రికార్డులోకి ఎక్కుతుంది. తరవాత కాదనడానికి ఉండదు."

"బాగుందండీ టీచరు గారూ" అని ఆయన ఆ వాక్యం చీటీ మీద రాసుకున్నారు. సత్తిబాబు మొహం కాస్త విచ్చుకుంది. అప్పుడు పెద్దిరాజు గారు శాలువా కప్పి, ఫొటో దిగి, గొంతు సవరించుకున్నారు.

"లేచీ లేవగానే అడిగేస్తే ఏం బాగుంటుందండీ? మంత్రి గారు మొన్న వచ్చి మన రోడ్డుకి శంకుస్థాపన చేశారా? ముందు దానికి కృతజ్ఞత చెప్పాలండి. ఆ రోజు భోజనాలు పెట్టిన సొసైటీ ప్రెసిడెంటు గారిని తలుచుకోవాలి. స్థలం ఇచ్చిన పెద్దాయన్ని వదిలేస్తే రేపు మొహం చూపించలేం. పాస్టరు గారిని, గుడి ధర్మకర్త గారిని కూడా కలిపి చెప్పేస్తే ఎవరికీ మాట రాదు."

"టైము చాలదేమోనండీ" అన్నాను.

"ఎంతసేపండీ, నాలుగు పేర్లు."

"నిజమే, మర్యాద మర్యాదే" అని ఎమ్మెల్యే గారు చీటీలో నా వాక్యానికి పైన పేర్లన్నీ రాసుకున్నారు. మా గోదావరి జిల్లాల్లో మజ్జిగ అప్పుకి వెళ్ళినవాడు కూడా వాళ్ళింటి కోడలి పుట్టింటి క్షేమం దాకా అడిగి గానీ గిన్నె బయటికి తియ్యడు. ఈ పద్ధతి మీద నాకూ ప్రేమే. కానీ అసెంబ్లీలో గంట కొడతారు.

వెలగపూడికి బస్టాండు నుంచి బస్సులున్నాయి. ఎక్కినవాళ్ళలో సగం మంది సచివాలయంలో ఫైలు వెనక తిరిగేవాళ్ళే. నా పక్కాయన పెన్షన్ పని మీద ఇది నాలుగోసారి రావడమట. "కండక్టరు గారు నన్ను గుర్తుపడుతున్నాడండీ, సెక్షన్‌లోనే ఎవరూ గుర్తుపట్టరు" అన్నాడు. గేటు దగ్గర ఆధార్ కార్డు, ఎమ్మెల్యే గారి సిఫారసుతో ఇచ్చిన పాసు చూపించాలి. ఫోన్లు, సంచులు, నీళ్ళ సీసా అక్కడే వదలాలి. తూము వీడియో తీసుకొచ్చిన సత్తిబాబు ఫోను కూడా అక్కడే ఉండిపోయింది. గ్యాలరీలో మాట్లాడకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. పెద్దిరాజు గారు వేసుకుంటే అటెండరు వచ్చి దింపించాడు.

తొమ్మిదింటికి సభ మొదలైంది. గంట మాత్రమే ప్రశ్నలు. ఎవరో ఒకాయన ఏదో నిరసన తెలిపితే ఇంకొకాయన దానికి నిరసన తెలిపారు, కొంతసేపు అలా పోయింది. తరవాత నిజంగా బాగా జరిగిన ప్రశ్నలూ చూశాను. ఒక సభ్యురాలు లేచి, తమ ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషను ఉంది, తీసే మనిషి లేడు, ఎప్పుడు వేస్తారు అని అడిగి కూర్చున్నారు. నెలలోపు అని ఆ శాఖ మంత్రి చెప్పారు. అయిపోయింది. పుస్తకంలో నేను చెప్పే పాఠం అంటే అదే. సత్తిబాబు నా వైపు చూసి తలూపాడు.

మా వంతు వచ్చేసరికి గంట ముగింపుకొచ్చింది. సమాధానం సభ ముందు ఉంచామని మంత్రి గారు చెప్పి కూర్చున్నారు. మా ఎమ్మెల్యే గారు లేచారు.

"అధ్యక్షా, ముందుగా నాకు ఈ అవకాశం ఇచ్చిన తమరికి ధన్యవాదాలు. అధ్యక్షా, మా రోడ్డుకి స్వయంగా విచ్చేసి శంకుస్థాపన చేసిన గౌరవ మంత్రివర్యులకు మా ప్రజలందరి తరఫున..."

సొసైటీ ప్రెసిడెంటు గారు వచ్చారు. స్థలం ఇచ్చిన పెద్దాయన వచ్చారు. సూటిగా ప్రశ్నలోకి రండి అని అధ్యక్ష స్థానం నుంచి ఒక మాట వినబడింది. పాస్టరు గారు వచ్చారు. సత్తిబాబు ముందుకు వంగి కూర్చున్నాడు. ధర్మకర్త గారి పేరు సగంలో ఉండగా మైకు ఆగిపోయింది. ఎమ్మెల్యే గారి పెదవులు ఇంకా కదులుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. మంత్రి గారు లేచి చేతులు జోడించి, సభ్యుల అభినందనలకు కృతజ్ఞతలని చెప్పారు. సభ తరవాతి అంశంలోకి వెళ్ళిపోయింది.

గ్యాలరీలోంచి అరవాలనిపించింది. తలుపు అన్న మాట కూడా అక్కడ పడలేదు. పక్కనే పెద్దిరాజు గారి కళ్ళలో నీళ్ళు. "మన పాస్టరు గారి పేరు అసెంబ్లీలో పలికిందండీ" అన్నారు గుసగుసగా.

బయట ఎమ్మెల్యే గారు నిజంగానే నొచ్చుకున్నారు. లిఖితపూర్వకంగా మంత్రి గారికి ఇస్తానని, వర్షాకాలం సమావేశాల్లో మళ్ళీ వేస్తానని అన్నారు. వర్షాకాలానికి కాలువలు నిండుగా ఉంటాయి, తలుపు మార్చడానికి వీలుండదు. ఆ మాట నేను చెబితే ఆయన తల వంచుకున్నారు. క్యాంటీన్‌లో భోజనం పెట్టించే పంపారు. సాంబారు బాగుంది, ఆ కోపంలో కూడా బాగుందనే చెప్పాలి.

తిరుగు ప్యాసింజరులో కైకలూరు దాటుతుండగా సత్తిబాబు ఫోను మోగింది. భీమవరం కామందు. ఆయన గొంతు మా అందరికీ వినబడుతోంది.

"టీవీలో చూశానోయ్. మన ఊరి పేరు ఘనంగా చెప్పారు. మరి తలుపు సంగతి తేలేలా లేదు కదా. రేపు చెరువోళ్ళని రమ్మంటున్నాను, ఏమనుకోకు."

"ఆయ్, అలాగేనండి" అని సత్తిబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

తరవాత పెద్దిరాజు గారు, "పాపం, ఎమ్మెల్యే గారు శ్రమపడ్డారు. ఉగాది వెళ్ళాక ఊళ్ళో ఒక సన్మానం పెడదామండీ" అన్నారు.

"పెట్టండి" అన్నాడు సత్తిబాబు. "నన్ను మాత్రం పిలవకండి."

మా వైపు ఒక పెద్దమనిషి మొహం మీద ఇలాంటి మాట అనడం నేను వినలేదు. పెద్దిరాజు గారు కిటికీ వైపు తిరిగిపోయారు. నరసాపురం దాకా అలాగే కూర్చున్నారు.

మీరు వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి. అసెంబ్లీ చూడదగ్గ చోటే. అక్కడ అడిగే వీలుంది, జవాబు చెప్పాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు, ఎక్స్‌రే మిషను కోసం అడిగినావిడ చేసి చూపించింది. మాకే చేతకాలేదు. మంచి పేరు తెచ్చుకుని, పని పోగొట్టుకుని వస్తున్నాం. ఆ కోపం ఎవరి మీద చూపించాలో నాకింకా తెలియడం లేదు.

స్టేషన్లో దిగి ఆటో కోసం నిలబడ్డప్పుడు సత్తిబాబు నా పక్కకి వచ్చాడు.

"టీచరు గారూ, కామందు గారు మీ మాట వింటారు కదండీ. ఆ చెరువు మీద కాపలాకి మనిషి కావాలేమో, ఓసారి అడిగి పెడతారాండీ?"