తారీఖు మారని లెక్కలు

మా చెల్లెలు పైలట్ పరీక్షలకు చదివే రోజుల్లో నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. ఎవరు ఏ పని ఏ తారీఖున, ఎన్ని గంటలకు చేశారో రికార్డుల్లో చూసి తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇంట్లో లెక్కలు బాగా వచ్చింది నాకే. చెల్లెలికి ఎక్కాలు నేర్పింది కూడా నేనే. అప్పటికే వీధి వీధంతా దాన్ని "పైలట్ మేడం" అంటుండేది. డ్యూటీ నుంచి నేను రాగానే అమ్మ, "మెల్లగ నడువు, అది సదువుకుంటున్నది" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం పొద్దున అది నోటుబుక్కు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, గీ లెక్కలు జెర సూడవా? రేపు క్లాసుల టెస్టున్నది."

విమానాలు నడిపేవాళ్లకు ఏ దేశంలో ఉన్నా ఒకటే గడియారమట. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేస్తే ఆ టైము వస్తుంది. పన్నెండో తారీఖు తెల్లవారుజామున మూడున్నరకు ఇక్కడ విమానం లేస్తే ఆ గడియారంలో ఎంత? ఇరవై రెండు గంటలని సరిగ్గానే రాసింది. తారీఖు మాత్రం పన్నెండే ఉంచింది. అంత వెనక్కి పోతే అది పదకొండో తారీఖు రాత్రి కదా! ఆ పేజీలో అలాంటివి నాలుగు లెక్కలు, నాలుగింటిలోనూ అదే తప్పు. నైట్ షిఫ్టు రికార్డుల్లో రోజూ నేను పట్టే తప్పే.

"మంచిగనే ఉన్నయ్. తప్పులేం లేవు" అన్నాను.

మర్నాడు సాయంత్రం అది ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"నాలుగు లెక్కలు పోయినయ్ అక్కా. తారీఖు మార్చలే. డ్యూటీ చేసి అలిసిపోయినవ్ గద, నువ్వు గూడ సూసుకోలేదేమో."

నా తరఫున సాకు కూడా అదే వెతికింది. ఇక ఉండబట్టలేదు.

"చూసిన. కావాల్ననే చెప్పలే."

"ఎందుకు?"

"నీ మీద కుళ్లు."

అది ఏడవలేదు, అరవలేదు. "నువ్వు గీ పరీక్షలకు సదివుంటే నాకంటే జల్దీ పాసయితుంటివి" అంది. ఆ మాటతో నా కుళ్లు రెట్టింపైంది. అంత మంచి మనసు కూడా దానికే ఉండాలా?

అసలు పరీక్ష పాసైన రోజు అందరికంటే ముందు నాకే ఫోన్ చేసింది. సంతోషంగానే మాట్లాడాను. కిష్టారెడ్డిపేటలో కంపెనీ బస్సు దిగి, ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.