చప్పుడు చేయని కెమెరా

సిరోంకాకి మంద లేదు. పశువులే ఆస్తిగా బతికే మా మసాయిల్లో ఇది చిన్న విషయం కాదు. అతని ఈడువాళ్ళలో ఎంత లేనివాడికైనా ముప్ఫై ఆవులుంటాయి. ఇతను మాత్రం ఇరవై రెండేళ్ళ వయసులో తన వాటా ఆవులన్నీ అన్నకి వదిలేసి, తలెక్ ఊళ్ళో సఫారీ బండి తోలే పనిలో చేరాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నా మంద మాంసం తింటుంది. గడ్డి ఎండినా దానికి కరువు లేదు," అనేవాడు.

ముప్ఫై ఏళ్ళు ఆ మాట చెల్లింది. చెల్లేలా చేసినవి అతని కళ్ళు. చెట్టు మీద పడుకున్న చిరుత తోక కొస వేలాడుతుంటే అర మైలు నుంచి పట్టేవాడు. గడ్డిలో ఒక చెవి కదిలితే చాలు, అది ఏ గుంపులోని ఏ ఆడసింహమో చెప్పేవాడు. ఫొటోలు తీసేవాళ్ళు ఏడాది ముందే అతని పేరు చెప్పి బండి మాట్లాడుకునేవారు. మంద లేని మనిషిని మా పెద్దలు తమ పక్కన కూర్చోబెట్టుకున్నారంటే ఆ కళ్ళని చూసే.

ఆ కళ్ళే పోతున్నాయని నాకు నిరుటి వానల్లో తెలిసింది. అతను పనిచేసే సఫారీ క్యాంపులోనే నేనూ బండి తోలుతాను. నైరోబీలో కాలేజీ రెండో ఏడు వదిలేసి వచ్చినప్పుడు నాకు పని నేర్పింది అతనే. ఒక పొద్దున పార్కు గేటు దగ్గర అతని పక్కగా వెళ్తూ చెయ్యూపాను. పలకలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావురా?"

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నా. నీ కళ్ళకేమైంది మామా?"

"నోరు ముయ్యి." తల మొత్తం తిప్పి అటూ ఇటూ చూశాడు. "నరోక్‌లో డాక్టరుకి చూపించా. లోపల నరం చచ్చిపోతోందంట. ఎదురుగా కనిపిస్తుంది, పక్కలు కనపడవు. గొట్టంలోంచి చూసినట్టు. పోయింది మళ్ళీ రాదన్నాడు."

"మరి బండెలా తోలుతున్నావు?"

"బండి పక్కకి పోతుందా ఏంటి? ముందుకే కదా పోయేది."

"జంతువులో?"

నవ్వాడు. "కెమెరాలున్నాయి కదరా!"

ఆ తర్వాత గమనిస్తే నాకు అర్థమైంది. ఏ పూట ఏ జంతువు ఎక్కడుంటుందో అతనికి తెలుసు. దానికి కళ్ళక్కర్లేదు. అక్కడికి తీసుకెళ్ళి ఇంజను ఆపేసి కూర్చునేవాడు. వెనక నిలబడ్డ అతిథుల కెమెరాలు ఎటు తిరిగి టకటకలాడితే అటు మెల్లగా తల తిప్పి, ఎప్పుడో చూసినవాడిలా "అదుగో" అనేవాడు. ఆ చప్పుడు జోరుని బట్టి సింహం పడుకుందో, లేచిందో, దూకబోతోందో కూడా చెప్పేసేవాడు. అతిథులు నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

కొంత నేను కూడా రేడియోలో అందించేవాడిని. "మామా, ఏటి మలుపులో అత్తిచెట్టు, రెండో కొమ్మ." అలా దాక్కున్నవి మాత్రమే చెప్పాలి. బయట కనపడేవి చెప్పకూడదు. ఒకసారి "ఎడమపక్క ఏనుగుంది మామా" అన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "ఏనుగుని కూడా చూపిస్తావా నాకు? రేపట్నుంచి మూతి కూడా తుడువు," అన్నాడు.

అతని భార్య నసియెకుని అడిగాను, ఆయన్ని మాన్పించరాదా అని. ఆమె పొయ్యి మీద ఉగాలి సంకటి కలుపుతోంది. గరిటె ఆపలేదు.

"ఇంట్లో ముక్కాలిపీటకి తగిలి పడతాడు, ఊళ్ళోవాళ్ళకి సింహాలు చూపిస్తాడు. నాకు తెలియదనుకుంటున్నాడు."

"మరి చెప్పొచ్చుగా అత్తా?"

"చెప్పి? ఈ పని పోతే ఆయన దగ్గర ఇంకేముంది? ఆవులా, దూడలా? పెద్దాళ్ళు పక్కన కూర్చోనిస్తారా?"

నేను రేడియోలో అందిస్తూనే ఉన్నాను.

ఈ ఆగస్టులో హెల్గా వచ్చింది. జర్మనీ ఆమె, డెబ్బై దాటాయి. పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ వస్తుంది, సిరోంకా బండి తప్ప ఇంకో బండి ఎక్కదు. ఈసారి కొత్త కెమెరా తెచ్చుకుంది. బొత్తిగా చప్పుడు చేయని రకం. అలాంటివి వస్తున్నాయని మాకు తెలుసు. కానీ బండిలో నలుగురుంటే ఒకరిదైనా టకటకలాడేది. హెల్గా ఒక్కతే వెళ్తుంది. ఆమె ఏ కెమెరా తెచ్చిందో నేను అడగలేదు.

మూడో రోజు పొద్దున ఎండిన వాగు గట్టున సిరోంకా బండి ఆపాడు. నేను అవతలి గట్టున, మా అతిథులకి జిరాఫీలు చూపిస్తున్నాను. అతని బండికి ఎడమపక్క, ముప్ఫై అడుగుల్లో, చెదపుట్ట పక్కన ఒక ఆడసింహం. దాక్కుని లేదు, పొట్టి గడ్డిలో కొండంత కనిపిస్తోంది. హెల్గా కెమెరా దాని మీదే ఉంది.

రేడియో చేతిలోకి తీసుకున్నాను. ఇంత బాహాటంగా ఉన్నదాన్ని చెబితే మళ్ళీ వారం మాట్లాడడనిపించింది. హెల్గా తీస్తూనే ఉంది, అతనికి తెలిసే ఉంటుందనుకున్నాను. రేడియో కింద పెట్టేశాను.

పది నిమిషాలు గడిచాయి. అతను చప్పుడు కోసం కూర్చున్నాడు. చప్పుడు లేదు. ఇక్కడేమీ లేదనుకున్నాడు. "టైరులో ముల్లు దిగినట్టుంది, చూసొస్తా," అని హెల్గాతో చెప్పి తలుపు తీశాడు. ఆమె వద్దనలేదట. సిరోంకాకి తెలియకుండా ఉంటుందా అనుకుందట.

"మామా, ఎక్కు! బండెక్కు!" రేడియోలో అరిచాను. రేడియో బండి లోపలుంది, అతను బయటున్నాడు.

హారన్ కొడుతూ వాగులోకి దించాను. పుట్ట వెనక మూడు పిల్లలున్న సంగతి అప్పుడు చూశాను. గుర్రుమన్న చప్పుడు అతనికి వినిపించింది. పరుగెత్తలేదు. మాలో ఎవరూ పరుగెత్తరు. నిటారుగా నిలబడి ఛాతీ విరిచాడు. కానీ విరిచింది అవతలి పొదల వైపు. సింహం పుట్ట వైపు నుంచి వచ్చింది.

నా బండి మధ్యలో దూరేసరికి కుడి భుజం మిగల్లేదు. ఆస్పత్రిలో చెయ్యి తీసేశారు.

పార్కు అధికారి అడగ్గానే హెల్గా ఏడుస్తూ ఫొటోలన్నీ ఇచ్చేసింది. సిరోంకా తప్పేమీ లేదని అవే చెబుతాయనుకుంది పాపం. నేనూ చూశాను. ఒకే ఫొటోలో సింహం, మనిషి. సింహం చెవులు వెనక్కి పెట్టి ఉంది. మనిషి సొంత వాకిట్లో నడుస్తున్నట్టు టైరు చూసుకుంటూ నడుస్తున్నాడు. అలాంటివి నలభై.

అధికారి ఆస్పత్రికి వచ్చేలోపు సిరోంకా నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"అది నీకు కనిపించిందా?"

"కనిపించింది మామా."

"ఎప్పుడు?"

"నువ్వు దిగడానికి చాలాసేపు ముందే."

"మరి చెప్పవేంరా?"

"కోపం తెచ్చుకుంటావని."

"తెచ్చుకునేవాడినే," అన్నాడు.

అధికారి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కళ్ళు ఎప్పట్నుంచి కనపడట్లేదు?"

"రెండేళ్ళయింది."

"ఎవరెవరికి తెలుసు? తెలిసి ఊరుకున్నవాళ్ళ గైడు బ్యాడ్జి కూడా పోతుంది."

"ఎవరికీ తెలియదు. నా పెళ్ళానికే తెలియదు."

గోడ దగ్గరున్న నసియెకు తల దించుకుంది. అధికారి నా వైపు చూశాడు.

"ఈ కుర్రాడు రోజూ నీ వెంటే తిరుగుతాడంటగా?"

"వీడా?" సిరోంకా పెదవి విరిచాడు. "చదువు ఒంటబట్టక పారిపోయొచ్చినోడు. అడవిదున్నకీ బండరాయికీ తేడా తెలియదు వీడికి. నా కళ్ళ సంగతి వీడేం కనిపెడతాడు?"

అధికారి నవ్వాడు. బ్యాడ్జి ఇమ్మన్నాడు. అది కొక్కేనికి వేలాడుతున్న చొక్కాకి ఉంది. సిరోంకా ఎడమ చెయ్యి అటు చాచాడు, అందలేదు. నసియెకు తీసి అధికారి చేతిలో పెట్టింది.

నా బ్యాడ్జి నా చొక్కాకే ఉండిపోయింది. సోమవారం మళ్ళీ బండి తీశాను.