పచ్చజొన్న కంకులూ, గండుకోతి చావూ

మా ఇంటి తలుపుకు రెండు గొళ్ళాలు. పైది మనుషుల కోసం, కిందది కోతుల కోసం. పైది పెట్టడం చాలాసార్లు మర్చిపోయాను, ఇంతవరకు ఏమీ పోలేదు. కిందది ఒక్కసారి మర్చిపోయాను. ఆ రోజు ఏడు జొన్నరొట్టెలు, సగం నూనె ప్యాకెట్టు, నా కళ్ళద్దాలు పోయాయి. అద్దాలు మరునాడు పక్కింటి మిద్దె మీద దొరికాయి.

నారాయణఖేడ్ చివర, మనూర్ పోయే దారి పక్కన మా కాలనీ. మేం వచ్చిన కొత్తలో కోతులు లేవు. పాములుండేవి, తేళ్ళుండేవి, చేన్లలోకి అడవిపందులు దిగేవి. వాటికి తమ వేళలు, తమ దారులు ఉండేవి. మనం తప్పుకుంటే అవీ తప్పుకునేవి. కోతులు అట్లా కాదు. పొద్దున పాలబండి పోయాక వస్తాయి, ఎండ ముదిరితే నీళ్ళ ట్యాంకు నీడకు పోతాయి, మళ్ళీ చాయ్ వేళకు వస్తాయి. మగవాళ్ళు కనబడితే గోడ దూకుతాయి. ఆడవాళ్ళు కనబడితే కూర్చున్నచోటే కూర్చుని చూస్తాయి. చీర కట్టుకున్న మనిషి గురి చూసి రాయి విసరలేదని వాటికి ఎవరు చెప్పారో తెలియదు. నా విషయంలో అది నిజమే.

కాలనీవాళ్ళం అంగడిలో ఒక బొచ్చు పులిబొమ్మ కొని నీళ్ళ ట్యాంకు మీద కట్టాం. రెండు రోజులు కోతులు రాలేదు. మూడో రోజు ఒక తల్లికోతి దాని వీపు మీద కూర్చుని పిల్లకు పేలు చూస్తోంది. పులిని ఎవరూ తీయలేదు. ఎండకు చారలు పోయి ఇప్పుడు కుక్కలా ఉంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై నాలుగేళ్ళకు, చర్చిలో, మధ్యాహ్నం పూట. ఒకరోజు అరుగు మీద వాచకం పెట్టి నీళ్ళకు పోయి వచ్చేసరికి ఒక కోతి దాన్ని గోడ మీదికి తీసుకుపోయి పేజీలు తిప్పుతోంది. ఒత్తులున్న పేజీ దాకా తిప్పి, అక్కడ చింపింది. ఆ పేజీ నాకూ కష్టంగానే ఉండింది.

ఇంతవరకు చెప్పినవన్నీ చిన్న నష్టాలు. కోతులు వచ్చిన మూడో ఏడు జరిగింది చిన్నది కాదు.

నాకు అర ఎకరం నల్లరేగడి ఉంది, కాలనీ నుంచి పది నిమిషాల నడక. దాంట్లో పచ్చజొన్న, అంటే పసుపు గింజ జొన్న, వేస్తాను. ఇప్పుడు చుట్టుపక్కల అందరూ సోయా, పత్తి వేస్తున్నారు. జొన్న వేసినా తెల్ల జొన్నే, దుకాణంలో కొన్న విత్తనమే. పచ్చజొన్న విత్తనం మా అత్త నాకిచ్చింది, ఆమెకు ఆమె అత్త ఇచ్చింది. సిర్గాపూర్‌లో మా అక్క దగ్గర కూడా ఉండేది. వాళ్ళింట్లో అందరూ కూలికి హైదరాబాద్ పోయాక గంప తెరిచేవాళ్ళు లేక పురుగు పట్టిపోయింది. అంటే నాకు తెలిసినంతలో ఆ విత్తనం మా ఇంట్లోనే మిగిలింది. నేను పోగొడితే పోయినట్టే.

విత్తనం తీయడానికి ఒక పద్ధతి ఉంది. కోతకు ముందే సాలు సాలూ తిరిగి, మెడ వంగి గింజ నిండుగా ఉన్న కంకులను విడిగా కోయాలి. మూడు ఎండలు ఎండబెట్టాలి. అప్పుడు దులిపి, వేపాకు, బూడిద కలిపి గంపలో పోసి, పైన పేడతో అలికి మూసేయాలి. మళ్ళీ విత్తేరోజే తెరవాలి. ఎండ బాగా తగిలేది మిద్దె మీదే కాబట్టి కంకులు అక్కడే ఆరబోస్తాను. ఆ మూడు రోజులు కట్టె పట్టుకుని వాటి పక్కనే నేనూ ఎండుతాను.

పోయిన శివరాత్రి దాటాక రెండు గంపల కంకులు మిద్దె మీద పరిచాను. మొదటి ఎండ అయింది. రెండో రోజు పొద్దున నేను కట్టె కోసం కిందికి దిగినప్పుడు పైన పెద్ద చప్పుడయింది, కరెంటు పోయింది. పైకెక్కి చూస్తే గుంపులో పెద్దదైన గండుకోతి నా కంకులకు రెండు మూరల దూరంలో పడి ఉంది. స్తంభం మీంచి మా మిద్దె మీదికి దూకుతూ రెండు తీగలు పట్టుకుంది. నా జొన్న కోసమే దూకి ఉంటుంది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

మా పక్కింటావిడ అప్పటికే మెట్లెక్కి వచ్చింది. వాళ్ళు వ్యవసాయం చేసే హిందువులు, మేం మా తాతల కాలం నుంచి చర్చివాళ్ళం. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకరినొకరం వదినె అనే పిలుచుకుంటాం. ఆమె కోతిని చూసి, చెంపలేసుకుని, కొంగు తలమీదికి లాక్కుంది. ముందు రోజు ఇదే కోతి వాళ్ళ అప్పడాలు ఎత్తుకుపోతే దాని వంశాన్నంతా తిట్టింది.

అరగంటలో కాలనీ అంతా మా మిద్దె కింద చేరింది. మా వైపు కోతి చచ్చిపోతే మనిషికి చేసినట్టే చేస్తారు. పసుపు నీళ్ళు పోసి, కొత్త బట్ట కప్పి, డప్పులతో ఊరేగించి పూడ్చిపెడతారు. పదకొండో రోజు అన్నాలు కూడా పెడతారు. ఆ పద్ధతి నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అయితే పీనుగు ఏ ఇంట్లో లేస్తే ఆ ఇంటివాళ్ళే ముంత పట్టుకుని ముందు నడవాలి. ఇది లేవాల్సింది మా ఇంటి నుంచి.

అక్కడ కొంచెం పరేషాన్ అయింది. కాలనీలో అందరికీ పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, పంచాయితీలన్నీ ఆయన దగ్గరికే పోతాయి. ఆయన గడ్డం గీక్కుని, ఇది హనుమంతుడు, ఇల్లేమో చర్చివాళ్ళది, ఇప్పుడు ఎట్లా అన్నాడు. ఎవరో కోతిని దించి పక్కింటి నుంచి లేపుదామన్నారు. చచ్చినచోటు మార్చకూడదని ఇంకొకరు అన్నారు. లైన్‌మన్ మాత్రం, ఎక్కడి నుంచి లేపినా తొందరగా లేపండి, నేను కరెంటు ఇయ్యాలి అన్నాడు.

చివరికి వదినే తేల్చింది. "ఇల్లు ఆమెది, దేవుడు నావోడు. ముంత నేను పట్టుకొని ముంగట నడుస్త. ఇగ లేపుండ్రి."

ఆడమనిషి ముంత పట్టడమేందని పెద్దమనిషి అన్నాడు. వాళ్ళాయనకు మోకాళ్ళు పనిచేయవని, రెండు అడుగులు వేస్తే ఆయననే మోయాల్సి వస్తుందని ఆమె చెప్పింది. మనిషికైతే ఒప్పుకునేవాణ్ణి కాదు, కోతి కాబట్టి సరే అన్నాడాయన.

నేను పాస్టరయ్యకు ఫోన్ చేశాను. ఇరుగుపొరుగుతో నడవడంలో తప్పు లేదు, కొబ్బరికాయ మాత్రం కొట్టకమ్మా అన్నాడు. జొన్నల సంగతి ఆయనను అడగలేదు. కానీ నన్ను తొలుస్తున్నది అదే. అందరూ పోతే కాలనీలో కట్టె పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. కంకులు మూటగట్టి లోపల పెడదామంటే రెండో ఎండ పోతుంది, పచ్చి గింజ గంపలో ముక్కిపోతుంది. నేను ఉండిపోదామంటే, మా ఇంటి మీద చచ్చినదానికి మా ఇంటి మనిషే రాలేదన్న మాట నేను బతికినన్నాళ్ళూ ఉంటుంది.

నా మొహం చూసి పెద్దమనిషి ధైర్యం చెప్పాడు. కోతి చచ్చినచోటికి మూడు నెలలు ఇంకో కోతి రాదట. అది అందరికీ తెలిసిన మాటే. నేనూ నలుగురికి చెప్పిన మాటే. గుంపు కూడా అట్లాగే ఉంది. గోడల మీద, ట్యాంకు మీద, పులి చుట్టూ కూర్చుని చప్పుడు చేయకుండా చూస్తోంది. ఒక్కటి కూడా మిద్దె మీదికి రాలేదు. నేను కంకుల చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టి, పలచని పాత చీర ఒకటి కప్పి, దిగి వచ్చాను. అందరూ ఇళ్ళ తలుపులు దగ్గరికి వేసి బయల్దేరారు. చాలామంది ఒక్క గొళ్ళెమే పెట్టారు.

ట్రాలీ ఆటోకు బంతిపూలు కట్టారు. దాంట్లో కోతిని కూర్చోబెట్టారు. ముందు డప్పులు, తర్వాత ముంత పట్టుకుని వదిన, ఆమె పక్కన నేను. వెనుక ఆడవాళ్ళు దారి పొడుగునా పేలాలు, పుట్నాలు, కొబ్బరి ముక్కలు చల్లుతున్నారు. మనూర్ నుంచి వచ్చే బస్సు ఆగి దారిచ్చింది. కండక్టర్ దిగి దండం పెట్టాడు.

కొంతదూరం పోయాక వెనుక ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. చూస్తే కోతులు మా వెంట వస్తున్నాయి. తమవాణ్ణి సాగనంపడానికి వస్తున్నాయని ఒకామె కళ్ళు తుడుచుకుంది. నేను చూసినంతవరకు అవి పేలాలు ఏరుకుంటున్నాయి. కొబ్బరి ముక్కల దగ్గర రెండు కొట్లాడుకున్నాయి కూడా. అయినా నాకూ కళ్ళు తడిశాయి. అందరూ ఏడుస్తుంటే అట్లాగే అవుతుంది.

కళ్ళు తుడుచుకుని చూస్తే మా వెనుక వస్తున్నవి పది, పన్నెండు. ఆ గుంపు నాకు బాగా తెలుసు. నలభైకి తక్కువ ఉండదు. వచ్చినవన్నీ ముసలివీ, పిల్లలను కరుచుకున్న తల్లులూ. వయసులో ఉన్నది ఒక్కటీ లేదు.

నా కాళ్ళు ఆగాయి. ముంత వంగకుండా వదిన కూడా ఆగింది.

"ఏందే, గట్ల నిలవడ్డవ్?"

"కడమయి ఏడున్నయ్ వదినె?"

ఆమె వెనక్కి తిరగలేదు. పీనుగు ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరగకూడదు, పూడ్చేదాకా ఇంటి మొహం చూడకూడదు. అది వాళ్ళకు గట్టి పట్టింపు. నేను అప్పటికే తల తిప్పి చూశాను, కానీ ఆమెతో నడుస్తున్నాను కాబట్టి ఇంటి దారి పట్టడం నాకూ తప్పేనని అనుకున్నాను. ముందుకు పోలేక, వెనక్కి తిరగలేక రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఆమె పెదవులు మాత్రం కదిలిస్తూ చెప్పింది.

"ఉరుకు. ఆ కట్టుబాటు మాది, నీకు లేదు. నువ్వు తిరుగొచ్చు. ఇత్తనం పోయినంక మల్ల దొరుకుతదా? నేను నడుస్తున్న గద, ఇద్దరి లెక్క నేనే నడుస్త. జల్దీ పో."

పుట్టి ఇన్నేళ్ళయినా చర్చిదాన్ని అయినందుకు ఉరకడానికి వీలుంటుందని నాకు అంతవరకు తోచలేదు. చెప్పులు చేత పట్టుకుని ఉరికాను. ఎదురొచ్చే కోతులు పక్కకు జరిగి నాకు దారిచ్చాయి.

ఇంటికి చేరేసరికి మా మిద్దె మీద ఇరవైకి పైగా ఉన్నాయి. చీర ట్యాంకు పైపుకు వేలాడుతోంది. నేను అరిచాను. అవి నావైపు చూసి, ఆడమనిషేనని తేల్చుకుని, మళ్ళీ తినసాగాయి. కట్టె తీసుకున్నాను, అది చాలలేదు. అప్పుడు నేనేం చేశానో నాకే సరిగా గుర్తులేదు. ఇనుప బకెట్టును మెట్ల మీద కొడుతూ పైకెక్కాను. కోతులు చెంపల నిండా నింపుకుని నిదానంగా గోడ దిగాయి. ఒకటి మాత్రం చివరి కంకి చేతిలో పట్టుకుని, నా ముందే సగం తిని, మిగతా సగం కింద పడేసి పోయింది.

నిండు కంకి ఒక్కటీ లేదు. మిద్దె నిండా పొట్టు, ఊచలు, అక్కడక్కడ రాలిన గింజ, వాటి పెంటికలు. నేను కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆ రోజుకు ఏడవాల్సింది రోడ్డు మీదే ఏడ్చేశాను.

పూడ్చి వచ్చినవాళ్ళ ఇళ్ళన్నీ అట్లాగే చిందరవందరగా ఉన్నాయి. పెద్దమనిషి ఇంట్లో బియ్యం సంచి నడింట్లోకి వచ్చి ఉంది. మూడు నెలల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

వదిన చన్నీళ్ళ స్నానం చేసి, తడి తలతోనే చాట పట్టుకుని మా మిద్దెక్కింది. ఎంత మిగిలిందని అడగలేదు. ఒక మూల నుంచి ఆమె, ఒక మూల నుంచి నేను ఊడ్చుకుంటూ వచ్చాం. ఊడ్చినదంతా చెరిగి, పెంటికలు, పొట్టు తీసేసి, గింజ గింజా ఏరాం. పొద్దు వాలేదాకా ఏరితే నాలుగు దోసిళ్ళయింది. ఆమె దోసిలి పెద్దది, నాది చిన్నది. ఆమె దోసిలితో కొలిస్తే మూడే.

"ఇది ఇత్తనమా, కూరలకు పోపా?" అన్నాను.

"నాలుగు సాళ్ళకొస్తది. నాలుగు సాళ్ళు ఎక్కితే మల్ల గంప నిండదా? అన్నీ నీకే కావాలె, గా మొగోనికి ఏం పెట్టకుంటే ఎట్ల?" అంది ఆమె. గా మొగోడు అంటే చచ్చిపోయిన గండుకోతి.

పదకొండో రోజు అన్నాలకు నన్ను రొట్టెలు చేయమన్నారు. బజారు జొన్నలతో చేశాను. బాగున్నాయన్నారు.

వానలు వెనకబట్టాక ఆ నాలుగు దోసిళ్ళూ చేను మధ్యలో నాలుగు సాళ్ళు వేశాను, చుట్టూ శనగ. ఇప్పుడు కంకులు పాలు పోసుకుంటున్నాయి. కాపలా పొద్దున వదినది, మధ్యాహ్నం నాది అని ఒప్పుకున్నాం. మొదటి రోజే తెలిసింది, అది కుదరదని. ముంత పట్టుకుని నడిచినప్పటి నుంచి ఆమెకు కోతులు తనవాళ్ళయ్యాయి. రాయి విసరదు, కట్టె ఎత్తదు. గట్టు మీద కూర్చుని, ఇక్కడికి రావద్దు బిడ్డా, శనగ తినుండ్రి అని నచ్చచెబుతుంది. అవి ఆమె మాట పూర్తిగా విని, తర్వాత జొన్నలోకి దిగుతాయి. అప్పుడు ఆమె నాకు ఫోన్ చేస్తుంది.

అందుకని ఆమె కాపలా ఉన్న పూట నేను కూడా ఉంటున్నాను. శనగ చాలావరకు పోయింది. జొన్న నాలుగు సాళ్ళూ ఇప్పటికైతే ఉన్నాయి.