వాసన చూసిన పూలు

మా పక్కింటి అన్సార్ బాయ్‌కి ఒకటే పిచ్చి. మల్లె గొప్పదా, కనకాంబరం గొప్పదా తేల్చాలి. ఆరేళ్లుగా తేలుస్తూనే ఉన్నాడు. ఈ ఆరేళ్లలో ఆళ్లగడ్డలో ఎన్నో పంచాయితీలు తేలిపోయాయి, విడిపోయిన అన్నదమ్ములు కూడా కలిసిపోయారు. ఇది మాత్రం తేలలేదు.

బాయ్ నలభై ఏళ్లు విగ్రహాల షెడ్డులో రాతికి నునుపు పెట్టిన మనిషి. ఇప్పుడు ఖాళీ. ఇంటిముందు ఎండ తగిలే వైపు పద్దెనిమిది మల్లెచెట్లు, వేపచెట్టు నీడ పడే వైపు ఒక వరుస కనకాంబరాలు. నడుమ ఒక రాతిపలక. చీలిక వచ్చిందని శిల్పి వద్దన్నదాన్ని మోయించుకొచ్చాడు. తెల్లవారగానే రెండు వైపులా పూలు తెంపుతాడు, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు, సుద్దముక్కతో పలకమీద మార్కులు వేస్తాడు. వాసనలో మల్లెకు పది, కనకాంబరానికి సున్నా. వాడకుండా నిలవడంలో కనకాంబరానికి పది, మల్లెకు సున్నా. సాయంత్రానికి కూడితే ఎప్పుడూ సమానమే వచ్చేది. మొదట్లో నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

మేము ఈ ఇంటికి వచ్చిన వారంలోనే నా భార్య దీపిక పూజకు నాలుగు పూలు అడగబోయింది. వట్టిచేతులతో తిరిగొచ్చింది. వాసన చూసేశాడట, వాసన చూసిన పూలు దేవుడికి పెట్టకూడదట. మాకు తెలియని శాస్త్రమా ఇది? మర్నాడు నేనే వెళ్లాను.

"బాయ్, మల్లెలంటే సరే. కనకాంబరానికి వాసనే లేదు కదా, అవైనా ఇయ్యి."

"లేదని తెలుసుకోవాలంటే చూడాల్సిందే కదప్పా" అన్నాడు బాయ్. "చూసేసినా."

పోనీలే అని దీపిక సొంతంగా రెండు మొక్కలు తెచ్చి, రెండింటినీ ఒకే చోట నాటి, రెండింటికీ రోజూ ఒకే చెంబుతో నీళ్లు పోసింది. గోడ మీదుగా బాయ్ తల లేచింది. ఆ తల అరగంట దిగలేదు. మల్లెకు నడినెత్తిన ఎండ కావాలి, కనకాంబరానికి సగం నీడ కావాలి. మల్లెకు మార్గశిరంలో నీళ్లు మానేసి, ఆకు దూసి, మోకాటి ఎత్తుకు కత్తిరించాలి. కనకాంబరానికి అంత శిక్ష అక్కర్లేదు, పూసి అయిపోయిన కంకిని గిల్లితే చాలు. ఇద్దరినీ ఒకే పళ్లెంలో కూర్చోబెట్టి అన్నం పెడితే ఎట్లమ్మా అని వాపోయాడు. దీపిక మొక్కలు రెండూ చచ్చిపోయాయి. అవి భయంతోనే చచ్చాయని నా అనుమానం.

ఒకసారి బాయ్‌కి ఒంట్లో బాగాలేదంటే నంద్యాలకు బస్సులో తీసుకుపోయాను. డాక్టరు రోజుకు నీళ్లు ఎన్ని తాగుతారని అడిగాడు.

"మల్లె లెక్కనా, కనకాంబరం లెక్కనా సార్?"

డాక్టరు నావైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. బాయ్ ఓపిగ్గా విడమరిచాడు. మల్లెకైతే నాలుగు రోజులకొకసారి కడుపునిండా పోసి, మన్ను ఎండేదాకా దాని జోలికి పోకూడదు. కనకాంబరానికైతే కొంచెం కొంచెంగా తరచూ పోయాలి, నిలవ ఉంటే మాత్రం వేరు కుళ్లుతుంది. అంతా విన్న డాక్టరు, మీరు కనకాంబరం లెక్కన తాగండి అని చీటీ రాసిచ్చాడు. తిరుగు బస్సులో బాయ్ చాలా సంతోషంగా ఉన్నాడు. "చదువుకున్న డాక్టరప్పా" అన్నాడు.

మాకు ఒళ్లు మండే విషయం ఇంకొకటుంది. దేవుడికి దక్కని ఆ పూలన్నీ రోజూ రాములక్కకు పోయేవి. రాములక్క బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. పొద్దున్నే బుట్టతో వచ్చి గేటు దగ్గర నిలబడేది. "పరీక్ష అయిపోయిన పూలు ఊరికే పడుండాయి, ఇల్లంతా చెత్త. నువ్వు ఎత్తకపోతే నాకు పుణ్యం" అని బాయ్ బతిమాలేవాడు. రాములక్క మొహం ముడుచుకుని, ఏదో ఉపకారం చేస్తున్నట్టు బుట్టలో పోసుకుని పోయేది. అడిగే మాకు లేదు, వద్దనే మనిషికి బతిమాలి ఇస్తాడు. వీధంతా చెవులు కొరుక్కుంది.

పోయిన డిసెంబరులో బాయ్ కొడుకు రఫీక్ కొత్త ఆటో తెచ్చాడు. ఎండకీ వానకీ దానికొక రేకుల షెడ్డు కావాలి. చోటు కావాలంటే ఒక వరుస పీకాలి. రఫీక్ మంచివాడే, న్యాయంగానే మాట్లాడాడు.

"అబ్బాజాన్, ఆరేండ్లు పరీక్ష పెట్టినావు. ఏది గెలిచిందో చెప్పు, దాన్ని ఉంచుదాం. ఓడిందాన్ని ఆదివారం తీసేస్తా."

వీధంతా ఆదివారం కోసం ఎదురుచూసింది. నేనూ చూశాను, అబద్ధం ఎందుకు. నాలుగు రోజులు బాయ్ పలకమీద మార్కులు వేశాడు, తుడిచాడు, వేశాడు. గడ్డం గీసుకోలేదు. ఆదివారం పొద్దున్నే మా అరుగుమీద వచ్చి కూర్చున్నాడు. దీపిక టీ ఇస్తే అది మల్లె లెక్కనో, కనకాంబరం లెక్కనో కూడా అనలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

"ఏదో ఒకటి గెలిచిందని చెప్పెయ్ బాయ్" అన్నాను.

"యాడ చెప్పేది? మల్లె పీకితే ఎండాకాలం ఆయమ్మ ఏం కట్టాల? కనకాంబరం పీకితే ఈ చలికాలం ఏం కట్టాల?"

ఎవరు అని అడగబోయి ఆగాను. బాయ్ నేలచూపు చూస్తూ చెప్పాడు. రాములక్కను విగ్రహాల షెడ్డులో నునుపు పనికి పెట్టింది తానే. రాతిదుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయింది, ఆ పని ఇక ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. బాయ్ బియ్యం మూట పంపితే, నేను అడుక్కుతినే దాన్నా అని తిప్పికొట్టింది. అందుకని పరీక్ష. పూజకు పనికిరాని పూలైతే వేరే ఎవరూ అడగరు. పారేసే పూలైతే ఆమె తీసుకుంటుంది. ఫలితం తేలిందంటే పరీక్ష అయిపోతుంది, పరీక్ష అయిపోతే పూలు ఎందుకిస్తున్నాడని ఆమె అడుగుతుంది.

ఆరేళ్లు ఈ మనిషిని పిసినారి అనుకున్నందుకు నాకు సిగ్గేసింది. దీపిక నాకంటే చురుకు, అప్పటికే మా పెరట్లోకి చూస్తోంది. అక్కడ ఒక్క చెట్టు లేదు, పొద్దంతా ఎండ.

"బాయ్, కత్తిరించిన మల్లె ఇప్పుడు చోటు మార్చి నాటితే బతుకుతుందా?" అంది.

బాయ్ తలెత్తాడు. మన్ను గడ్డతో సహా తవ్వాలి, గుంతకు గొర్రె ఎరువు వెయ్యాలి అని మొదలుపెట్టాడు. సాయంత్రానికి పద్దెనిమిది మల్లెచెట్లూ మా పెరట్లో ఉన్నాయి. తవ్వింది రఫీక్, నేను. పర్యవేక్షణ ఎవరిదో చెప్పక్కర్లేదు. నా నడుము వారం దాకా నాది కాదు.

మార్చి చివరికి పదిహేను చెట్లు మొగ్గ తొడిగాయి. ఒక పొద్దున నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, రాములక్క మా పెరటి మల్లెలనే కడుతోంది. నోరు ఊరుకోక అన్నాను.

"అక్కా, అవి వాసన చూసిన పూలు. పూజకని ఎవరికీ అమ్మొద్దు."

రాములక్క తలెత్తకుండా నవ్వింది. "పూలు యాడుండాయప్పా, ఇవి మొగ్గలు. పొద్దున తెంపిన మొగ్గకు వాసన ఉంటాదా? సాయంత్రం విచ్చుకుంటే కదా. ఆరేండ్లుగా లేని వాసన చూస్తాండాడు ఆయప్ప."

"తెలిసే తీసుకుంటున్నావా?"

"బియ్యం తిప్పికొట్టినప్పుడు నెలదినాలు నా మొహం చూడలేదు ఆ మనిషి. తప్పంతా తనదే అన్నట్టు కుమిలిపోయినాడు. ఈ పూలు ఇయ్యబట్టినాక నెమ్మదిగా ఉండాడు. పోనీలే, నాకూ జరుగుతాండాది." దండకు ముడి వేసి, దారం పంటితో కొరికి, నావైపు చూసింది. "ఈ మాట నువ్వు ఆయప్పకు చెప్పొద్దు. గమ్మునుండు."

గమ్మునున్నాను. ఇప్పుడు బాయ్ తెల్లవారగానే మా పెరట్లో ఉంటాడు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడతాను. ఆయన మొగ్గను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు.

"ఏం తేలింది బాయ్?"

"మన్ను మారింది కదప్పా. పరీక్ష మొదటి నుంచీ పెట్టాల."

నిన్న ఎదురింటి సరస్వతమ్మగారు పళ్లెం పట్టుకొచ్చారు, పూజకు నాలుగు మల్లెలు కావాలట. బాయ్ నావైపు చూశాడు. నేను ఒక మొగ్గ తీసి గట్టిగా వాసన చూశాను. నిజంగానే ఏ వాసనా లేదు.

"వాసన చూసేశామండీ" అన్నాను.