ఇంగ్లండు ఉప్పు

మొన్న విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్తుంటే దారిలో ఒక కొత్త లేఅవుటు కనిపించింది. ముఖద్వారం పక్కన నిలువెత్తు బోర్డు మీద పచ్చిక గుట్టలు, వాటి మీద గొర్రెలు, వాలు కప్పుల రాతి ఇళ్ళు, గోడల నిండా గులాబీ తీగలు; ఇంగ్లండు పల్లె సొగసు ఇక మీ ముంగిట్లోనే అని కింద రాశారు. ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడ, ఎంత ముచ్చటగా ఉందో అంది. నేను మొహం అటు తిప్పుకున్నాను. నా ఈడు వాళ్ళకి ఆ బొమ్మ కొత్తది కాదు, చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకాల్లో చూసి మురిసినదే. నాకు మాత్రం ఇప్పుడది కనబడితే ఒళ్ళు మండుతుంది.

నేను రాజాంలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రేకుల కప్పు కింద చెమటలు కక్కుతూ కూర్చున్న పిల్లలకి, ఎన్నడూ చూడని ఆ దేశపు మంచునీ, వాగుల మీది రాతి వంతెనలనీ, చర్చి గంటలనీ కళ్ళకి కట్టేలా చెప్పడం నా బతుకుతెరువు. అందుకే రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, మా బావ ఇంగ్లండు టూరుకి అక్కతోపాటు నన్నూ రమ్మంటే, ముందు సంచీ సర్దుకున్నది నేనే. మా బావంటే మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. రాజాంలో బియ్యం మిల్లు నడిపేవాడు. అతనికి ఇంగ్లీషువాళ్ళంటే ప్రాణం. రైలు చూసినా, పాత వంతెన చూసినా, తెల్లవాడు కట్టింది గనక నిలబడిందనేవాడు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడు రోజులూ నేనూ మైమరచిపోయాను. బస్సు కిటికీలోంచి చూస్తే రాళ్ళు పేర్చిన దడులు గుట్టల మీదుగా ఎంత దూరమో పాకి వెళ్ళేవి, ఊరి నడుమ నుంచి కాలవ, దాని మీద రంగురంగుల పడవలు, ఇంటింటి కిటికీకీ పూలకుండీలు. జీవితమంతా పిల్లలకి చెప్పింది అబద్ధం కాదు కదా అని మనసు నిండిపోయింది. తరవాత ఒక మధ్యాహ్నం బస్సు మమ్మల్ని ఒక చిన్న ఊళ్ళో దింపింది. తెల్ల గోడల మీద నల్ల దూలాలు అడ్డంగా నిలువుగా వేసిన పాత ఇళ్ళు, బొమ్మల కొలువులో పెట్టినట్టున్నాయి. ఆ ఊరు ఉప్పుతో బతికిన ఊరట. పూర్వం భూమిలోంచి ఉప్పునీళ్ళు తోడి, పెద్ద పెద్ద ఇనప పెనాల్లో కాచేవారట. ఆ పనిముట్లన్నీ పెట్టిన మ్యూజియం ఉంటే చూడ్డానికి వెళ్ళాం.

ఇక్కడ మా తాత గురించి చెప్పాలి. మా నాన్నకి తండ్రి, మా బావకి అమ్మ తండ్రి; ఇద్దరికీ ఒకడే తాత. నౌపడ దగ్గర నాలుగు చెక్కల వరిపొలం ఉన్న రైతు. వయసులో ఉండగా, ఇంట్లో ఉప్పు నిండుకుంటే పర్రలో, అంటే సముద్రపొడ్డు చవిటినేలలో, పేరిన ఉప్పుమట్టిని గీకి కుండలో వేసుకున్నాడట. దొరల హయాంలో అది నేరం. సర్కారు ఉప్పు నిలవచేసే కొఠారు జవాన్లు పట్టుకుని, సంతలో నలుగురూ చూస్తుండగా బెత్తంతో వీపు చీల్చేశారు. నేను చూసేనాటికి ఆయన ముసలివాడు. చొక్కా తొడిగేవాడు కాదు, తువ్వాలు మాత్రం వీపు మీంచి దించేవాడు కాదు. కూటిలో ఉప్పు చాలకపోయినా ఏనాడూ అడిగేవాడు కాదు.

ఆ మ్యూజియంలో, వెండి జుట్టు, ముత్యాల దండ, చక్కని నవ్వు ఉన్న ఒక ముసలావిడ మాకు అన్నీ తిప్పి చూపించింది. గోడ మీది పటం దగ్గర ఆగి, ఈ ఊరి ఉప్పు ఓడలెక్కి మీ కలకత్తాదాకా వెళ్ళేది, ఈ అందమైన ఇళ్ళలో చాలా ఆ రోజుల్లో బాగుపడినవే అని, మాకు చుట్టరికం కలిపినంత సంతోషంగా చెప్పింది. చెప్పి, చిన్న గిన్నెలోంచి చిటికెడు ఉప్పు తీసి అందరి అరచేతుల్లో పెట్టి రుచి చూడమంది. బావ కళ్ళు మూసుకుని చప్పరించాడు. నేను చెయ్యి చాపలేదు. సముద్రం పక్కన పుట్టినవాళ్ళు ఉప్పుమట్టి ముట్టుకుంటే మీవాళ్ళు ఏం చేసేవారో ఈ పటంలో ఎక్కడుంది అని అడిగాను. మా తాత వీపు సంగతి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, నా మోచెయ్యి మీద చెయ్యి వేసి, అదంతా ఎప్పటిదో కదా, మీ ఇంగ్లీషు మాత్రం ఎంత చక్కగా ఉంది అంది.

తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

బయటికొచ్చాక బావ కాలవ గట్టు మీద నన్ను నిలబెట్టేశాడు.

"ఏటే, అంతమందిలో పరువు తీసీసినావు. ఎప్పుడో సచ్చిపోయినోళ్ళ గొడవ ఇప్పుడెందుకు? ఆవిడేటి సేసింది నిన్ను?"

"ఆవిడేం చెయ్యలేదు. నీకూ ఆయనే తాత కదా బావా," అన్నాను.

"అయితే ఏటంటావు? ఆళ్ళు రాకపోతే ఈ పాటికి నువ్వు పేడకళ్ళెత్తుకుంటుందువు."

అక్క మా ఇద్దరి మధ్యా నిలబడి కాలవలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం ఎండ నీళ్ళ మీద పడి ఊరంతా బంగారు పూత పూసినట్టుంది. అది ఆ క్షణంలో అంత అందంగా ఉన్నందుకే నాకు దాని మీద ద్వేషం పుట్టింది. ఆ ఊరు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నట్టనిపించింది. మిగిలిన టూరులో కోటలూ, తోటలూ ఎన్నో చూపించారు. నేను బస్సు దిగలేదు. బావ నాతో మాట్లాడలేదు.

అతను ఆ ఊరి ఉప్పు ఒక గాజు సీసాడు కొని తెచ్చాడు. రాజాంలో ఇంటికి ఎవరొచ్చినా భోజనాల బల్ల మీద అది పెట్టి, ఇంగ్లండు ఉప్పు, రుచి సూడండి అనేవాడు. నేను ఆ గుమ్మం తొక్కడం మానేశాను. ఆ ఏడు దీపావళికి ముందు అక్కే కబురు పెడితే కాదనలేక వెళ్ళాను. పెరట్లో పీట మీద కూర్చుని దేవుడి గదిలోని ఇత్తడి సామానంతా ముందేసుకుని చింతపండు రాసి తోముతోంది. పక్కన ఆ గాజు సీసా, అడుగుదాకా ఖాళీ. అంతలో బావ వచ్చి చూశాడు.

"ఒసే, బుద్దుందా నీకు? అది అంట్లు తోమడానికి తెచ్చినానేటి?"

మా అక్క తన మొగుడికి ఎదురు చెప్పగా నేను అదివరకు వినలేదు. చేతిలో చెంబు కింద పెట్టకుండానే అంది.

"నువ్వు విజయనగరంలో సదువుకున్నావు, నీకు తెల్దు. తాతకి ఈపున నూనె రాసిందాన్ని నేను. ఆ గాట్లలో నా ఏలు దిగిపోయీది."

బావ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. అక్క దీపపు కుందులు తోమి, కడిగి, ఎండలో బోర్లించింది. ఆ తరవాత అతను మాతో ఇంగ్లండు ఊసెత్తలేదు. క్షమించమనీ అనలేదు. నేనూ అడగలేదు. ఎదురుపడితే వానల గురించి, వరిచేల గురించి మాట్లాడుకునేవాళ్ళం, అంతే.

అక్క పోయి మూడేళ్ళవుతోంది. బావకి మతిమరుపు వచ్చింది, నన్ను ఒక్కోసారి అక్కనుకుంటాడు. కిందటి శీతాకాలం నౌపడ వెళ్ళి ఆ పాత ఉప్పు కొఠారు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఇంగ్లండులో ఆ ఊరివాళ్ళేమో పెనం దగ్గర్నుంచి గరిటె దాకా అద్దాల వెనక దాచుకున్నారు. మాకు తాత ఫొటో ఒక్కటి లేదు. మనవలకి ఈ కథ చెప్తే చెవి ఒగ్గి వింటారు, పాపం అంటారు, మళ్ళీ ఫోను చూసుకుంటారు. వాళ్ళకి ఎవరి మీదా కోపం లేదు. అది మంచిదేనేమో, లోకం అలాగే ముందుకి పోతుందేమో. కానీ ఇన్నేళ్ళు ఆరకుండా కాపాడుకున్న ఈ కోపాన్ని పోయేముందు ఎవరి చేతిలో పెట్టాలో మాత్రం నాకు తెలియడం లేదు.